నీళ్ల ట్యాంకు వెనక నలభై ఐదు నిమిషాలు

నా థెరపీ గది మా ఓనర్ వాళ్ల డాబా మీద, నీళ్ల ట్యాంకు వెనక ఉండేది. గది అంటున్నాను గానీ గోడలేం లేవు. ఒకపక్క నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, ఇంకోపక్క పిట్టగోడ, మధ్యలో కూర్చోవడానికి బోర్లించిన పెయింట్ డబ్బా. ఫోన్ పడిపోకుండా రెండు ఇటుకల మధ్య నిలబెట్టేవాణ్ని. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, తలకు మంకీ క్యాప్, ఒంటి మీద శాలువా. ఆదిలాబాద్ జిల్లాలో జనవరి చలి ఎలా ఉంటుందో ఆ జిల్లావాళ్లనడగండి, చెప్తారు.

ప్రతి బుధవారం రాత్రి ఏడున్నరకు అక్కడికి ఎక్కేవాణ్ని. కింద నా గదిలో మాట్లాడితే ఓనర్ ఆంటీ వంటింట్లోకి వినిపిస్తుంది. బ్యాంకులో మాట్లాడే చాన్సే లేదు. ఊరు చిన్నది. 'బ్యాంకు సారుకు ఏదో అయ్యిందంట' అనే మాట బస్టాండు దగ్గర మొదలైతే, టీ చల్లారేలోపు ఊరు దాటుతుంది. ట్యాంకు వెనకైతే సిగ్నల్ రెండు గీతలు వస్తుంది, మనుషులు రారు.

ఆన్‌లైన్ థెరపీ నిజంగా పనిచేస్తుందా అని ఇప్పుడు నన్ను చాలామంది అడుగుతున్నారు. ఫ్రెండ్స్, వాళ్ల ఫ్రెండ్స్, మొన్న ఒక కజిన్. ఒక్క ముక్కలో అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. నాకు ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేయలేదో మాత్రం చెప్పగలను. అందుకే ఇది రాస్తున్నా.

బద్ధకం అనుకున్నా

మాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. బ్యాంకు క్లర్కు పరీక్ష మూడోసారి రాసి 2022లో పాసయ్యాను. పోస్టింగ్ మా ఇంటి నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైనే. అమ్మ ఊళ్లో స్వీట్లు పంచింది. నేనూ సంతోషంగానే వచ్చా. మొదటి ఏడాది బాగానే గడిచింది.

2023 దీపావళికి ఇంటికెళ్లి తిరిగొచ్చాక లోపల ఏదో ఆగిపోయింది. ఏమైందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. లవ్ ఫెయిల్యూర్ కాదు, అప్పులు లేవు, ఎవరూ చనిపోలేదు. పొద్దున మంచం దిగడానికి గంట పట్టేది. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసేవాణ్ని, చూసినవాటిలో ఒక్కటీ గుర్తుండేది కాదు. వారానికి రెండుసార్లు స్నానం. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన పప్పు ప్యాకెట్ ముడి విప్పకుండానే పాడైపోయేది.

ఆ నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్. బ్రాంచివాళ్లమంతా మేనేజర్ సార్ ఇంట్లో చూశాం. ఇండియా ఓడిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మా మెసెంజర్ అన్న కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పటి నుంచి నాకు క్రికెట్ పిచ్చి. అలాంటిది ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. బాధ కూడా లేదు. గదికొచ్చి పడుకున్నాక ఒక ఆలోచన వచ్చింది. గెలిచి ఉన్నా నాకు ఇలాగే ఉండేది కదా అని. ఆ రాత్రి మొదటిసారి భయమేసింది.

డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడం అనుకునేవాణ్ని. సినిమాల్లో అంతే కదా, గడ్డం, మందు, వాన. నాకు ఏడుపే రావట్లేదు కాబట్టి ఇది బద్ధకం అని ఫిక్సయ్యా. 'ఎంతమందికి ఉద్యోగాల్లేవు, నీకేం తక్కువ?' అని రోజుకు పదిసార్లు నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. తిట్టుకున్నకొద్దీ మర్నాడు లేవడం ఇంకా ఆలస్యమయ్యేది.

డిసెంబర్‌లో ఒక సాయంత్రం నా క్యాష్ టాలీ కాలేదు. 10,000 షార్ట్. మెషీన్ లెక్కపెట్టిన నోట్లే, ఇచ్చింది నా చేతులే. ఎవరికి ఎక్కువిచ్చానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వోచర్లన్నీ మూడుసార్లు తిరగేశాం. దొరకలేదు. ఆ డబ్బు నా జేబులోంచి కట్టా. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ మధ్యాహ్నం మొత్తం నా తలలో లేదు. అది భయపెట్టింది. "నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి పోయి రా తమ్మీ" అన్నాడు హెడ్ క్యాషియర్. ఊరికెళ్తే అమ్మ కనిపెట్టేస్తుందని వెళ్లలేదు. అమ్మ ఫోన్లు ఎత్తడం కూడా మానేశా. 'బిజీ అమ్మా' అని వాట్సాప్‌లో ఒక మెసేజ్. అంతే.

యాప్‌తో తొమ్మిది రోజులు

మనం ఏం చేస్తాం? ఫోన్‌లో వెతుకుతాం. నేనూ అదే చేశా. రాత్రి ఒంటిగంటకు ఒక ఫ్రీ యాప్ దించుకున్నా. తెరవగానే ఒక బొమ్మ పలకరించింది. ఈరోజు ఎలా ఉన్నావని ఐదు ఎమోజీలు చూపించింది. నేను మూడోది నొక్కా. నవ్వూ లేని, ఏడుపూ లేని మొహం. అదొక్కటే నాలా ఉంది.

మొదటి రెండు రోజులు బాగానే అనిపించింది. ఎవరికీ తెలియదు, ఎవరూ జడ్జ్ చేయరు. కానీ అంతా ఇంగ్లిష్. నా కష్టాన్ని ముందు తలలో ఇంగ్లిష్‌లోకి మార్చి, తర్వాత టైప్ చేయాలి. మారేసరికి అది నా కష్టంలా ఉండేది కాదు, ఎవరిదో అప్లికేషన్‌లా ఉండేది. ఏం చెప్పినా, నీ బాధ నాకు అర్థమవుతోంది అనేది. ఒకరోజు కావాలనే 'మా ఇంట్లో ఏనుగు తప్పిపోయింది' అని టైప్ చేశా. దానికీ అదే జవాబు, తర్వాత ఒక బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. పదో రోజు యాప్ తెరవలేదు. నేను రాలేదని అది రెండు నోటిఫికేషన్లు పంపి ఊరుకుంది.

మెషీన్‌తో మనసు విప్పుకోవడం కొత్తేం కాదని తర్వాత చదివా. 1966లోనే అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన 'ఎలిజా' అనే ప్రోగ్రాం రాశాడు. మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. అది ఎలా తయారైందో దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీ కూడా, దానితో మాట్లాడుతూ, కాసేపు బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. వినేవాళ్లుంటే చాలు, చెప్పుకోవాలని మనిషికి అంత ఉంటుంది. కాకపోతే నా యాప్ వినడం దగ్గరే ఆగిపోయింది. నేను మాయమైతే వెతికేవాళ్లు అందులో లేరు.

ఆ యాప్ చేసిన మేలు ఒకటుంది. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికను పరిచయం చేసింది. డాక్టర్లు కూడా వాడేదే. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, పనుల మీద ఆసక్తి ఉందా లాంటి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది దాటితే ఎవరికైనా చూపించుకోవడం మంచిది. నాకు 16 వచ్చింది. అది రోగం పేరు తేల్చే పరీక్ష కాదు, జ్వరం వచ్చిందో లేదో చెప్పే థర్మామీటర్ లాంటిది. అయినా ఆ అంకె చూశాక 'బద్ధకం' అనే మాట కొంచెం పక్కకు జరిగింది. బద్ధకానికి మార్కులు వేయరు కదా.

తొమ్మిదో ప్రశ్న, బతకాలని లేదనిపిస్తోందా అని. దానికి నేను 1 పెట్టా. పెట్టి, చాలాసేపు ఆ ఒకటిని చూస్తూ కూర్చున్నా.

14416

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబర్ 14416. ఫ్రీ. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడొచ్చు. రెండుసార్లు డయల్ చేసి, రింగ్ అవ్వకముందే కట్ చేశా. మూడోసారి అవతల ఒక గొంతు "చెప్పండి" అంది.

ఏం చెప్పాలో తెలియక "నాకు పని మీద ధ్యాస ఉండట్లేదండీ" అన్నా. అటు నుంచి తొందరేం లేదు. మెల్లగా అడుగుతూ పోయారు. తొమ్మిదో ప్రశ్న గురించి కూడా సూటిగా అడిగారు. ఆ ప్రశ్న అడిగితే మనిషికి లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు. నాకైతే ఎవరో వచ్చి నా చేతిలోని బరువు మూటకు రెండో కొస పట్టుకున్నట్టనిపించింది. దగ్గర్లోని జిల్లా ఆసుపత్రిలో చూపించుకోమన్నారు. క్రమం తప్పకుండా ఒకే కౌన్సిలర్‌తో మాట్లాడితే ఇంకా మంచిదన్నారు.

జిల్లా ఆసుపత్రికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. మా ఖాతాదారులు సగం మంది అక్కడే కనిపిస్తారు. నా బీటెక్ రూమ్మేట్‌కు మెసేజ్ పెట్టా. వాడు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒక నంబర్ పంపాడు. "మామా, మా అక్క మాట్లాడిన మేడమ్. హైదరాబాద్‌లో ఉంటారు. ఆన్‌లైన్‌లో చూస్తారు. తెలుగే." అంతే రాశాడు. క్లినికల్ సైకాలజిస్ట్. సెషన్‌కు 900. నలభై ఐదు నిమిషాలు.

తెలుగులో అడిగిన ప్రశ్న

మొదటి సెషన్‌లో పదిహేను నిమిషాలు నెట్‌వర్క్‌తోనే సరిపోయింది. 'వినిపిస్తోందా', 'మీరు ఆగిపోయారు', ఇదే గోల. ఆవిడ ముందుగా మూడు విషయాలు చెప్పారు. ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు. నా ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్తారు. అందుకని దగ్గరివాళ్ల నంబర్ ఒకటి, నేనున్న ఊరి అడ్రస్, దగ్గర్లోని ఆసుపత్రి పేరు తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో ఆవిడ లేచి వచ్చి నన్ను పట్టుకోలేరు కదా, అందుకు. అమ్మ నంబర్ ఇచ్చా. ఇస్తున్నప్పుడు చెయ్యి వణికింది.

నేను రెడీగా పెట్టుకున్న మాటలు చెప్పా. లో మూడ్, లోన్లీనెస్, వర్క్ స్ట్రెస్. ఆవిడ అన్నీ విని, "తెల్లారితే ఎట్లుంటది మీకు?" అని అడిగారు.

ఇంతే ప్రశ్న. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ మూడు నెలల్లో మొదటిసారి ఏడ్చా. ఎందుకంటే తెల్లారడమే నా సమస్య. కిటికీలో వెలుగు వస్తోందంటే ఒక రోజు మొత్తం మోయాలి అని అర్థం. దానికి ఇంగ్లిష్‌లో నా దగ్గర మాట లేదు. తెలుగులో కూడా ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఎదురుగా కూర్చుని అడిగితే ఏడ్చేవాణ్నా? అనుమానమే. ట్యాంకు వెనక, చీకట్లో, ఐదంగుళాల తెరలో ఆవిడ మొహం. నా మొహం ఆవిడకు సగమే కనబడుతోంది. నేను అడ్డమనుకున్న ఆ దూరమే ఆ రోజు నన్ను మాట్లాడనిచ్చింది.

ఆవిడ చేసింది సీబీటీ అనే పద్ధతి. ఆలోచన, పని, మనసు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూసుకుని, లాగే దారాన్ని మార్చడం. మొదట మొదలుపెట్టింది పనితోనే. "మనసు బాగైనంక చేద్దామని ఆగకండి. ముందు చేయండి, మనసు వెనక వస్తది" అన్నారు. హోంవర్క్: రోజుకు ఒక చిన్న పని, చేసే ముందు మనసుకు పదికి ఎన్ని మార్కులు, చేశాక ఎన్ని. అంతే. మొదటి వారం పని, పొద్దున ఏడింటికి టీ కొట్టు దాకా నడిచి వెళ్లి టీ తాగి రావడం.

నాకు కోపమొచ్చింది. 900 తీసుకుని టీ తాగమంటారా? కానీ నోట్‌బుక్‌లో రాశా. సోమవారం: ముందు 2, తర్వాత 2. మంగళవారం వెళ్లలేదు. గురువారం: ముందు 2, తర్వాత 3. టీ కొట్టు తాత "బ్యాంకు బంద్‌ పెట్టిన్రా ఏంది సారూ, కనబడ్తలేవు" అన్నాడు. ఆ ఒక్క మార్కు ఆయనదే అనుకుంటా.

ఇది టీ మహిమ కాదు. చిన్న పనులతో మనిషిని మళ్లీ కదిలించే ఈ పద్ధతిని గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించి చూశారు. విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 2017లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని తీసుకున్నారు. శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సిలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడితే, మూడు నెలలకు 64 శాతం మందిలో లక్షణాలు తగ్గిపోయాయి. ఆ కౌన్సెలింగ్ అందనివాళ్లలో తగ్గింది 39 శాతం మందికే. వాళ్లు ఎదురుగా కూర్చుని చేశారు, మేం ఫోన్‌లో చేశాం. పని మాత్రం అదే.

తెరలో కనబడనిది

ఇక్కడిదాకా చదివి, ఓహో హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారేమో. ఆగండి.

నాలుగో సెషన్‌కు నేను వీడియో ఆఫ్ చేశా. "నెట్ స్లో మేడమ్" అన్నా. నెట్ బాగానే ఉంది. ఆ వారం నేను స్నానం చేయలేదు, హోంవర్క్ రాయలేదు, రెండు రోజులు బ్యాంకుకు సిక్ లీవ్ పెట్టా. "ఎలా ఉన్నారు?" అంటే "బెటర్ మేడమ్" అన్నా. ఆన్‌లైన్ థెరపీలో ఉన్న పెద్ద చిల్లు ఇదే. ఎదురుగా కూర్చుంటే మాసిన చొక్కా కనబడుతుంది, నడక కనబడుతుంది, వాసన కూడా తెలుస్తుంది. ఫోన్‌లో మనం చూపించినంతే కనబడుతుంది. ఒక బటన్ నొక్కి పారిపోవచ్చు.

ఐదో సెషన్‌కు అసలు ఎక్కలేదు. ఏడు నలభైకి ఆవిడ ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఎనిమిదికి మెసేజ్: 'తిట్టడానికి కాదు. ఉన్నారా అని.' ఉన్నాను అని రాశా. మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్. యాప్ రెండు నోటిఫికేషన్లు పంపి ఊరుకున్న సంగతి గుర్తొచ్చింది. ఎత్తా.

ఆ రోజు అబద్ధం చెప్పలేకపోయా. స్కోరు 19. తొమ్మిదో ప్రశ్నకు 2. ఆవిడ గొంతు మారలేదు గానీ మాట మారింది. "ఇక మీదట ఇది ఫోన్‌లో మనిద్దరమే చేసే పని కాదు. రేపు సైకియాట్రిస్ట్‌ను నేరుగా కలవాలి. మందు అవసరం పడొచ్చు. అమ్మకు మీరు చెప్తారా, నేను చెప్పనా?"

నాకు మండింది. ఎవరికీ తెలియకూడదనే కదా ఆన్‌లైన్‌కు వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. నన్ను తన కస్టమర్‌గా ఉంచుకోవడం కంటే బతికి ఉంచడం ముఖ్యమనుకున్నారు. తన పద్ధతి ఎక్కడ సరిపోదో చెప్పగలిగినవాళ్ల దగ్గరే ఆ పద్ధతి పనిచేస్తుంది.

అమ్మ మెట్ల మీద

అమ్మకు నేనే చెప్పా. మన దగ్గర ఈ డాక్టర్ అనగానే ఎర్రగడ్డ జోకులే కదా. స్కూల్లో నేనూ వేసినవాణ్నే. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పిచ్చా బిడ్డా?" అంది. "కాదమ్మా. మనసుకు జబ్బు. మందులుంటయి, తగ్గుతది" అన్నా. నాకే సరిగా నమ్మకం లేని మాట అమ్మకు నమ్మకంగా చెప్పా. "ఫోన్ ఎత్తకపోతే నా మీద అలిగినవేమో అనుకున్న" అంది. మర్నాడు పొద్దున బస్సు దిగింది.

జిల్లా ఆసుపత్రికి ఇద్దరం వెళ్లాం. నేను భయపడినట్టే మా ఖాతాదారు ఒకామె ఎదురైంది. తన చేతిలోనూ ఓపీ చీటీ ఉంది. "నువ్వు గూడ వచ్చినవా బిడ్డా" అంది, అంతే, తన దారిన తను పోయింది. ఇన్ని నెలలు నేను దాక్కున్నది దీని నుంచా అనిపించింది. డాక్టర్ మందు రాశారు. పని చూపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, తగ్గినట్టుంది కదా అని నా అంతట నేను ఆపొద్దని గట్టిగా చెప్పారు. మాట్లాడే చికిత్స కూడా ఆపొద్దన్నారు.

అమ్మ నెల రోజులు నా దగ్గరే ఉంది. బుధవారం ఏడున్నరకు నేను ట్యాంకు వెనక్కి వెళ్తే, అమ్మ డాబా మెట్ల మీద కూర్చునేది. చింతచిగురో, చిక్కుడుకాయలో ముందేసుకుని. ఒకసారి ఓనర్ ఆంటీ బట్టలు తీసుకుందామని వచ్చింది. "పిలగాడు పరీక్షకు చదువుతుండు, నేను తెచ్చిస్త ఆగు" అని అమ్మ అనడం నాకు వినిపించింది. లోపల నేనేం మాట్లాడతానో అమ్మ ఏనాడూ అడగలేదు. సెషన్ అయ్యాక మాత్రం, "మేడమ్ మంచిగ మాట్లాడిందా?" అనేది.

మందు మొదలైన మూడో వారం చివర్లో ఒక పొద్దున కిటికీలో వెలుగు వచ్చింది. నేను లేచి పళ్లు తోముకున్నా. సగం తోముకున్నాక గుర్తొచ్చింది, ఈరోజు తెల్లారిందని నాకు బాధేయలేదని.

మరి, పనిచేస్తుందా?

మొత్తం పదహారు సెషన్లు అయ్యాయి. చివర్లో నా స్కోరు 5. మందు ఇంకొన్ని నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపా. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. మందు నన్ను మంచం దింపింది, దిగాక ఎటు నడవాలో బుధవారాలు నేర్పాయి.

నా ఒక్కడి కథ రుజువు కాదు. పరిశోధనలు ఏమంటున్నాయో కూడా చూశా. మనిషి సాయంతో ఇంటర్నెట్‌లో చేసిన సీబీటీని, ఎదురుగా కూర్చోబెట్టి చేసిన సీబీటీతో పోల్చినప్పుడు ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి. ఇక్కడ 'మనిషి సాయంతో' అన్నది ముఖ్యం. 2021లో జామా సైకియాట్రీ పత్రికలో 39 ప్రయోగాల్లోని 9,751 మంది వివరాలు కలిపి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. డిప్రెషన్ కొద్దిగా ఉన్నవాళ్లకు పాఠాలు, ఎక్సర్‌సైజులు ఉన్న ఆన్‌లైన్ కోర్సు తమంతట తాము చేసుకున్నా, ఒకరి సాయంతో చేసుకున్నా పెద్ద తేడా కనబడలేదు. మధ్యస్థంగా, అంతకంటే ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం వెనక మనిషి ఉన్న పద్ధతే ఎక్కువ మేలు చేసింది. నా తొమ్మిది రోజుల యాప్, నా పదహారు బుధవారాలు, రెండూ ఒకే ఫోన్‌లో జరిగాయి. తేడా ఫోన్‌లో లేదు. అవతల ఎవరున్నారు అన్నదాంట్లో ఉంది.

మీకు అవసరమైతే నాకు తెలిసిన నాలుగు మాటలు.

మాట్లాడబోయేవాళ్ల చదువు ఏమిటో మొహమాటం లేకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. దాన్ని అడగడం తప్పు కాదు. మందు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ చదివిన డాక్టర్. ఇన్‌స్టాలో లైఫ్ కోచ్ అని పెట్టుకున్న అందరూ వీళ్లు కాదు.

మొదటి రోజే 'నాకు సీరియస్ అయితే మీరేం చేస్తారు?' అని అడగండి. జవాబు లేనివాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

మీ భాషలో మాట్లాడేవాళ్లను వెతుక్కోండి. ఒకరితో రెండు మూడు సెషన్లకు కుదరకపోతే ఇంకొకరిని చూసుకోండి. థెరపీ వేస్ట్ అని తేల్చేయకండి.

వీడియో ఆఫ్ చేయాలనిపించిన రోజే ఆన్‌లో పెట్టండి.

బతకాలని లేదనే ఆలోచన బలంగా వస్తుంటే వచ్చే బుధవారం దాకా ఆగకండి. పక్కన ఉన్న మనిషికి చెప్పండి, ఆసుపత్రికి వెళ్లండి, 14416కు చేయండి. ఆ టైమ్‌లో మీకు కావాల్సింది స్క్రీన్ కాదు, పక్కన మనిషి.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు డిప్రెషన్ పాలవుతున్నారు. పింఛన్ల రోజు మా బ్రాంచిలో వంద మంది క్యూ ఉంటుంది. ఇదివరకు నాకు ఆ క్యూలో టోకెన్ నంబర్లే కనబడేవి. ఇప్పుడు అప్పుడప్పుడూ ఐదుగురి కోసం వెతుకుతా. కనబడరు. నేనూ కౌంటర్ ఇవతల కూర్చుని ఎవరికీ కనబడలేదు కదా.

చివరి సెషన్‌లో మేడమ్ ఒక లిస్టు రాయించారు. ఇది మళ్లీ రావొచ్చు, వస్తే మొదట ఎలా తెలుస్తుందో రాసుకోమన్నారు. నేను మూడు రాశా. టీకి వెళ్లడం మానేస్తా. క్రికెట్ స్కోర్ చూడను. అమ్మ ఫోన్ ఎత్తను. ఆ లిస్టు ఫొటో తీసి అమ్మకు పంపా. చదివి, వాయిస్ మెసేజ్ పెట్టింది: "మొదటి రెండూ నాకు తెల్వయి. మూడోది నేను చూసుకుంట."

ఇది రాస్తుంటే ఫోన్ మోగింది. ఎవరో మీకు తెలుసు. ఎత్తి మాట్లాడి వచ్చాకే ఈ చివరి లైన్ రాశా.